ఎలీషబా తుడిచిన పలకలు

ఈ ఇరవయ్యేళ్లలో మీ ఇంట్లో ఏ పిల్లో పిల్లాడో పలక మీద అ ఆలు దిద్ది ఉంటే, ఆ పలక ఎలీషబా ఒళ్లోంచి లేచి వచ్చిందే కావచ్చు. మార్కాపురంలో మోహన్‌కృష్ణ పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాళ్లు వేరు, నున్నగా రుద్దేవాళ్లు వేరు, చెక్క చట్రం బిగించేవాళ్లు వేరు. అన్ని చేతులూ దాటాక పలక ఆఖరున ఎలీషబా దగ్గరికి వస్తుంది. ఆమె దాన్ని వేలి మెటికతో ఒక్కటి కొడుతుంది. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులుందన్నమాట. ఆ తర్వాత తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి అట్టపెట్టెలో పేరుస్తుంది.

"పెట్టె ఇప్పినోళ్ల చేతికి దుమ్ము అంటిందనుకో, ఆ రోజే నేను పని మానేస్తా" అంటుంది. ఇంతవరకూ మానేయలేదు. దాన్నిబట్టే మీరు అర్థం చేసుకోవచ్చు.

పెద్దారవీడు మండలంలో మిరపచేలలో కూలికి పోయే ఇంట్లో పుట్టింది. ఏడో తరగతి దాటలేదు గానీ చదువు మీద ఆశ మాత్రం తీరలేదు. బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా చివరి అక్షరం దాకా చదివితే తప్ప పారేయదు. ఆటో నడిపే వెస్లీని పెళ్లాడి మార్కాపురం వచ్చింది. ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఎన్నో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కొన్ని ఇళ్ల ముందు పరిచే బండలకు మళ్లాయి. మోహన్‌కృష్ణ మాత్రం తండ్రి పెట్టిన పలకల పనిని మొండిగా పట్టుకుని ఉన్నాడు. ఆయనకు మొండితనం ఉంది, ఎలీషబాకు గర్వం ఉంది. ఆ రెంటి మీదే ఆ షెడ్డు నిలబడింది.

పోయిన చలికాలం ఆ షెడ్డుకు క్లారా అనే అమెరికా పిల్ల వచ్చింది. ఎలీషబా ఉండే వీధిలోవాళ్లు క్లారమ్మ అన్నారు. కళాకారిణి అంటే బొమ్మలు గీస్తుందనుకున్నారు. బొమ్మలేం గీయదట. వస్తువులు తెచ్చి గోడకు తగిలించి జనాన్ని చూడమంటుందట. వాళ్ల దేశంలో కొన్నేళ్లకోసారి, అప్పుడప్పుడే పైకొస్తున్న కుర్ర కళాకారులను మూలమూలల నుంచీ ఏరి, అందరి పనినీ ఒకే భవనంలో ప్రదర్శనకు పెడతారట. అందులో ఈ పిల్లకూ చోటు దొరికింది. వాళ్ల ఊళ్లో పాత సామాన్ల దుకాణంలో ఆమెకు ఒక పలక కనబడిందట. చట్రం వెనక మార్కాపురం పేరు చూసి, ఆ పేరు పట్టుకుని ఇంతదూరం వచ్చేసింది.

ఎలీషబా కూతురు వందన డిగ్రీ చదువుతోంది. క్లారా మాటలు వీధికీ, వీధి మాటలు క్లారాకూ ఆ పిల్లే చెప్పింది. క్లారా ఇంటికో పలక, ఇంత బలపం ఇచ్చి అడిగింది ఒక్కటే. "ఊరూరికీ రాసుకునే పలకలు చేసి పంపినవాళ్లు మీరు. ఒక్కసారి మీరు రాయండి. మీకేది రాయాలనిపిస్తే అది. అమెరికాలో గోడ మీద పెడతాను."

వీధంతా పెళ్లివారిల్లయింది. అందరికంటే ఆత్రం కొండయ్యది. వీధి వరసన ఎలీషబాకు మామ అయ్యే ఆయన, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ గనిలో పలకరాయి తీసినవాడు. ఎన్ని బండ్ల రాయి తీశాడో గానీ, పలక మీద ఒక్క అక్షరం పెట్టి ఎరగడు. మూడేళ్ల కిందట పోయిన భార్య పేరు ఎట్లా రాయాలో మనవరాలి దగ్గర నేర్చుకుని, నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ రాశాడు. రాసి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే రెండు చేతులతో పట్టుకుపోయి షెడ్డులో పెట్టి వచ్చాడు. తర్వాత కనబడిన ప్రతివాడితోనూ "మా ముసల్ది అమెరికా పోతాంది" అన్నాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఎలీషబా ఊళ్లో లేదు. వెలిగండ్లలో చెల్లెలి కాన్పుకు పోయింది. వందన ఫోను చేసి "పలకల కోసం అమెరికా నుంచి ఒకామె వచ్చిందమ్మా" అని చెప్పింది. చంటిబిడ్డ ఏడుపులో మిగతాది ఆమెకు వినబడలేదు. క్లారా వెళ్లిపోయిన రెండు రోజులకు ఎలీషబా బస్సు దిగి, ఇంటికైనా పోకుండా నేరుగా పనికి వెళ్లింది. ప్యాకింగ్ షెడ్డులో వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు, బయట ఓడరేవుకు పోవలసిన లారీ హారన్ కొడుతోంది. మోహన్‌కృష్ణ ఒంగోలు నుంచి ఫోను చేశాడు.

"ఎలీషబా, ఆ క్లారమ్మ పలకలు శుభ్రంగా ప్యాక్ చేసి ఎక్కియ్యి. అమెరికా పోయే సరుకు, జాగ్రత్త."

శుభ్రంగా తినమని మనం ఎవరికైనా చెప్తే, చేతులు కడుక్కుని తినమని కాదు గదా, కడుపునిండా తినమని. మోహన్‌కృష్ణ అన్నది ఆ శుభ్రం. పలకలు విరక్కుండా, గడ్డి దట్టంగా పెట్టి, పని గట్టిగా చేయమని. కానీ ప్యాకింగ్ షెడ్డులో ఆ మాటకు ఇరవయ్యేళ్లుగా ఒకటే అర్థం.

ఎలీషబా పెట్టె తెరిచి చూసి అదిరిపడింది. పలకలన్నిటి మీదా రాతలే.

"అమెరికా సరుకు మీద ఈ గీతలేంది? పిల్లకాయల్ని షెడ్డులోకి రానిచ్చినారా?" అని వాచ్‌మన్ మీద అరిచింది. అతను కొత్తవాడు, తల గోక్కున్నాడు.

తిట్టుకుంటూనే కూర్చుంది. తిట్టుకుంటూనే ఒక్కోటీ చదివింది. అక్షరం కనబడితే చదవకుండా ఉండగలిగే మనిషి కాదు గదా. 'మా మేక ఈనింది, రెండు' అని ఒకటి. 'వాన పడాల' అని ఒకటి. కొండల మధ్యన దోర్నాల పోయే బస్సు బొమ్మ, దాని పైన మూటలు. ఏదో పసిచెయ్యి పలక మీద పెట్టి చుట్టూ గీసిన ఐదు వేళ్లు. 'మీ దేశం మాకొద్దు, మా వీధికి కొళాయి ఇయ్యండి' అన్నది చదివి గట్టిగా నవ్వింది. 'గోవిదమ్మ' అని ఇంకొకటి. ఎవడో సున్నా మింగేశాడే అనుకుని నవ్వింది. చదవడం, తుడవడం, మెటికతో కొట్టడం, పేర్చడం. మధ్యాహ్నానికి పలకలన్నీ నల్లగా, నున్నగా, మచ్చ లేకుండా లారీ ఎక్కాయి. ఆమె సంతోషంగా ఇంటికి పోయింది.

సాయంత్రం కొండయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"కోడలా, లారీ పోయిందంట గదా. మా ముసల్దాన్ని పైన పెట్టినావా, అడుగున పెట్టినావా? అడుగున పెడితే దానికి ఊపిరాడదు."

ఎలీషబాకు అర్థం కాలేదు. వందన చెప్పింది. చెప్తూ చెప్తూ తల్లి మొహం చూసి ఆగిపోయింది. అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి తప్పుకోవచ్చు. రేపు ఓడలో చెమ్మకు చెరిగిపోయాయంటే ఎవరు చూడొచ్చారు? కానీ ఆమెకు అట్లాంటి మాట నోట్లోకి రాలేదు.

"మామా, నేను తుడిచేసినా. అన్నీ తుడిచేసినా. పిల్లకాయల గీతలనుకున్నా."

కొండయ్య తిట్టలేదు. తిడితే బాగుండేది. కాసేపు ఆమె చేతుల వంక చూశాడు. "నేను రాసింది అదొక్కటే గదమ్మా" అని, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఎలీషబాతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. వీధిలో మిగతావాళ్లు నాలుగు మాటలని ఊరుకున్నారు. కొళాయి కావాలన్న రాధాకుమారి అయితే "పోనీలే వదినా, నీళ్లొచ్చేది ఎట్లా లేదు" అని నవ్వేసింది. కానీ ఎలీషబాకు కొండయ్య మౌనమే గుండెల మీద కూర్చుంది. చేతికి మచ్చ అంటనివ్వని మనిషి, ఒక మనిషి పేరు చెరిపేసిన మనిషి అయింది. పలక ఒళ్లోకి తీసుకుంటే గుడ్డ పట్టిన చెయ్యి ఆగిపోయేది.

లారీ పోయిన మర్నాడు ఉదయమే ఎలీషబా వందన చేత క్లారాకు వీడియో కాల్ చేయించింది. వందన చెప్పిందంతా విని ఆ పిల్ల ప్రదర్శన తేదీ లెక్కపెట్టింది. మళ్లీ రాయించి పంపడానికి గడువు లేదు. ఓడ వెళ్లేసరికే నెలలు పడతాయి. అప్పుడు క్లారా ఒక్క ప్రశ్న వేసింది. వందన దాన్ని తెలుగులో అడిగింది. "అమ్మా, తుడిచే ముందు వాటిని చూసినావా అంటోంది."

ఎలీషబాకు కోపం వచ్చింది. "చూసేదేంది? చదివినా. చదవకుండా ఎట్ల తుడుస్తా?"

"ఏం చదివినావో చెప్పగలవా అంటోంది."

ఎలీషబా మొదలుపెట్టింది. మేక, వాన, బస్సు పైన మూటలు, పసిచెయ్యి, ఆ చేతికి చిటికెన వేలు కొంచెం వంకర. ఒకటి చెప్తుంటే దాని పక్కది గుర్తొచ్చింది. క్లారా మొహం మెల్లగా మారింది. ఆపమని చెయ్యెత్తి, మళ్లీ మొదటి నుంచి చెప్పమంది, ఈసారి రికార్డు చేస్తానంది. ఎలీషబా ఒప్పుకోలేదు. ముందు వీధంతా తిరిగింది. ఇంటింటి గుమ్మంలో నిలబడి ఎవరిది ఏదో అడిగి తెలుసుకుంది. తన తప్పును అన్ని గుమ్మాల్లోనూ మళ్లీ చెప్పుకుంది. కొండయ్య తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆయనది అడగక్కర్లేదు కూడా. ఆ తర్వాత షెడ్డులో తలుపులు మూసుకుని కూర్చుని, ఫోనులో చెప్పింది. తన గొంతుతో, తన యాసలో, ఎక్కడా సాగదీయకుండా.

నెలలు గడిచాయి. ప్రదర్శన మొదలయ్యేది అక్కడ శుక్రవారం సాయంత్రం, మనకు శనివారం పొద్దున. మోహన్‌కృష్ణ ఆఫీసు టీవీని షెడ్డులోకి తెచ్చి వందన ఫోనుకు కలిపాడు. వీధంతా వచ్చింది. కొండయ్య కూడా మనవరాలి వెంట వచ్చి, గోడవారగా అందరికంటే దూరంగా కూర్చున్నాడు. ఎలీషబా ముందు బెంచీ మీద, చర్చికి కట్టే చీరలో ఉంది. ఆమె పక్కన చోటు ఖాళీగానే ఉంది.

క్లారా ఫోను పట్టుకుని భవనమంతా తిప్పి చూపించింది. అంతా కుర్రాళ్ల పనే. ఒకడు వాళ్ల అవ్వ వంటిల్లును చెంచాలతో సహా ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టాడు. ఒక పిల్ల ముళ్లకంచెను ఊలుతో అల్లింది. ఇంకొకడు ఎండిపోతున్న ఏటి నీళ్లను సీసాల్లో పట్టి దీపాలు పెట్టాడు.

"మా ట్యాంకరు పంపిస్తే దానికీ దీపాలు పెడతారేమో" అంది రాధాకుమారి. షెడ్డంతా గొల్లుమంది.

ఆ తర్వాత క్లారా ఒక తెల్లటి గదిలోకి మళ్లింది. మూడు గోడల మీదా మార్కాపురం పలకలు. నల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా. వాటి ముందు మెత్తటి బూట్లలో జనం కదలకుండా నిలబడి ఉన్నారు. గది పైనుంచి ఎలీషబా గొంతు వస్తోంది. గోడ కిందివైపు ఆ మాటల అర్థం ఇంగ్లీషులో వస్తూ పోతోంది. గుమ్మం పక్కన కళాకారుల పేర్లున్న చోట క్లారా పేరు పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో 'ఎలీషబా, మార్కాపురం' అని ఉంది. వందన దాన్ని గట్టిగా చదివింది. ఎలీషబా వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. గర్వం వచ్చింది, ఎందుకు రాదు? వెస్లీ ఈల వేశాడు. చర్చి పెద్దలెవరైనా చూస్తారేమోనని కూడా ఆలోచించలేదు.

టీవీలోంచి ఆమె గొంతు చెప్పుకుపోతోంది. ఎవరిది వచ్చినప్పుడు వాళ్లు "నాదే, నాదే" అని లేచి కూర్చున్నారు. ఆఖరున, కొంచెం ఆగి, ఆ గొంతు అంది:

"ఇది కొండయ్య మామ రాసింది. గోవిందమ్మ. సున్నా మరిచినాడు గానీ ఆమె గోవిందమ్మే. ఆయన ఇంటామె. రాసినోడు ఆయన, తుడిచింది నేను. పేరు పోలేదు మామా, నా దగ్గర ఉంది."

షెడ్డులో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలని అందరికీ ఉంది. అక్కడ అమెరికాలో తెల్లజుట్టు ఆడమనిషి ఒకామె గోడ మీది అక్షరాలు చూసి, ఆ పేరు పలకబోయింది. "గోవిందామా" అంది. పక్కనున్న కుర్రాడు "గోవీన్‌డమ్" అన్నాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు.

కొండయ్య లేచాడు. జనాన్ని తప్పించుకుంటూ టీవీ దగ్గరికంటా వచ్చాడు. "అట్ల కాదమ్మా" అన్నాడు ఆ తెల్లజుట్టు ఆమెతో, ఎదురుగా నిలబడ్డ మనిషితో అన్నట్టే. తర్వాత ఎలీషబా వైపు తిరిగాడు.

"వాళ్లకు నోరు తిరగడం లేదు కోడలా. నువ్వు చెప్పు. గట్టిగా చెప్పు."

ఎలీషబా వందన చేతిలోంచి ఫోను తీసుకుంది. గొంతు సవరించుకుని, పిల్లలకు ఒత్తులు నేర్పినట్టు మెల్లగా చెప్పింది.

"గో... విం... ద... మ్మ."

అక్కడ ఫోను దగ్గరున్న కొందరు ఆమె వెంట అన్నారు. మళ్లీ చెప్పింది. ఈసారి గదిలో ఉన్నవాళ్లందరూ అన్నారు, సున్నాతో సహా. కొండయ్య తలాడిస్తూ విన్నాడు. "ఆ, అదీ" అన్నాడు. అని, ముందు బెంచీ మీద ఎలీషబా పక్కన కూర్చుని, ఇంకోసారి చెప్పించమన్నాడు.