అమ్మ దాచిన బీపీ

మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వచ్చాక ఇంటి రేషన్ కార్డు తీసేశారు. దానితోపాటే సర్కారు ఆరోగ్య బీమా కూడా పోయింది. ఫ్యాక్టరీ చేయించిన బీమాలో నా భార్యకూ పిల్లలకూ మాత్రమే చోటు. రామన్నపేటలో మగ్గం మానేసి మా దగ్గరికి వచ్చిన అమ్మకు ఏదీ లేకపోయింది. డ్యూటీలో ఫోన్ మోగితే చాలు, అమ్మకే ఏదో అయిందని గుండె అదిరేది.

చివరికి ఆమె పేరున ప్రైవేటు పాలసీకి దరఖాస్తు పెట్టాను. ఆమెకు బీపీ ఉందని చెబితే ఇవ్వరని భయం. బీమా కంపెనీ డాక్టరమ్మ ఫోన్ చేస్తుందనగా, "ఏ రోగం అడిగినా లేదను" అని అమ్మకు నేర్పాను.

"బీపీకి మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

అమ్మ నా ముఖం చూసింది. "లేదు బిడ్డా, గసొంటియేం లేవు."

పాలసీ వచ్చింది కానీ నాకు నిమ్మళం రాలేదు. నిజం దాచితే రద్దు అని అందులో ఉంది. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. అయినా నోరు విప్పలేదు.

రెండు నెలలకు అమ్మ వంటింట్లో కళ్లు తిరిగి కూలబడింది. హుజూర్‌నగర్ దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు బీపీ చూసి, "ఇది పాతదేనా? గోలీలు వేసుకుంటున్నావా?" అని అడిగాడు.

"లేదు సారూ" అంది అమ్మ.

"రోజూ వేసుకుంటవు గదనే!" అన్నాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో చెప్పింది: "సారు చిట్టీ మీద రాస్తే కంపెనోళ్లకు ఎరుకైతది కొడుకా. పది దినాలాయె, గోలీలు బంద్ జేసిన. ఇంట్ల కనవడొద్దని మోరిల పారేసిన."

డాక్టరుకు అంతా నేనే చెప్పాను, ఏ మందు వాడేదో, ఎందుకు మానేసిందో. ఆయన నన్ను ఒక్కసారి చూసి, చిట్టీ రాయడం మొదలుపెట్టాడు.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేసి అబద్ధం ఒప్పుకున్నాను. వాళ్లు తేల్చేదాకా కూర్చున్నచోట కూర్చోలేకపోయాను. చివరికి పాలసీ ఉంచారు. ప్రీమియం పెంచి, బీపీతో వచ్చే జబ్బులకు మూడేళ్లదాకా ఏమీ ఇచ్చేది లేదన్నారు.

"మూడేండ్లే గద, ఎల్లిపోతయ్ తియ్" అంది అమ్మ.

సగం గడిచింది. పొద్దున డ్యూటీకి బయల్దేరే ముందు ఆమె పక్కన నిలబడతాను. గోలీ మింగి, నీళ్లు తాగి, "సూడు" అని నోరు తెరిచి చూపిస్తుంది.