పేరు గడి ఖాళీగా ఉన్న ఇరవై ముగ్గురు

నా నోటు పుస్తకాలు పదకొండు. గోదావరి గట్టు మీది జాలరుల పల్లెలో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ నా చేతుల మీదుగా పుట్టిన ప్రతి బిడ్డకూ వాటిలో ఒక వరుస ఉంది. తేదీ, వారం, తల్లి పేరు, తండ్రి పేరు, బరువు, బిడ్డ పేరు. మొత్తం ఆరువందల పన్నెండు. ఆఖరి పేజీలో రెండుసార్లు కూడి సరిచూసి రాసిన సంఖ్య అది.

మొన్నటి వానాకాలం ట్రంకు పెట్టెకు చెద పట్టింది. కాగితాలు పొడి అయిపోకముందే నేను చదువుతుంటే మా కోడలు కంప్యూటర్లోకి ఎక్కించింది. తను డేటా పని నేర్చుకుంటోంది, నా పుస్తకాలు తనకు అభ్యాసానికి పనికొచ్చాయి. ఆరువందల పన్నెండూ ఎక్కాయని లెక్క చూపించాకే పుస్తకాలు తగలబెట్టనిచ్చాను.

తర్వాత ఆ పట్టికను ప్రశ్న అడిగే భాష నాకూ నేర్పింది.

"ఎలా వెతకాలో మనం చెప్పక్కర్లేదండి అత్తయ్యగారూ. ఏం కావాలో చెబితే చాలు. సెలెక్ట్ తర్వాత ఏ గడులు కావాలో రాస్తాం. ఫ్రమ్ తర్వాత పట్టిక పేరు. వేర్ తర్వాత షరతు."

"మీ మావయ్యగారికి ఏం కావాలో చెబితే చాలేది కాదు. ఏ అరలో ఉందో కూడా చెప్పాల్సొచ్చేది."

"ఇది నయమండి. ఒక్కసారికే వింటుంది."

ఒక మంగళవారం కోడలు జంగారెడ్డిగూడెంలో పుట్టింటికి వెళ్ళింది. ఆ పొద్దున్నే ఆ పల్లె నుంచి ఒకావిడ మేముండే మండపేటలో చేపలు అమ్ముకోడానికి వచ్చి, మా అరుగు మీద గంప దించింది. ఆమె మూడు పురుళ్ళూ నేనే పోశాను.

"నర్సమ్మగారండి, నా మొదటి పిల్ల ఏ రోజు పుట్టిందో మీ పుస్తకంలో ఉంటదాండి?"

ఆ పిల్ల తొమ్మిది రోజులు బతికింది.

"మా ఆయన ఉన్నప్పుడు ఆ పిల్ల మాట ఆయనతో అనుకునేదాన్నండి. ఇప్పుడాయనా లేడు. పిల్ల ఫొటో లేదు, రేషన్ కార్డులో పేరు లేదు. రోజు తెలిస్తే ఏటా గోదారిలో దీపం వదులుతానండి."

నాకు ఆ ఇంటి చూరుకు ఆరేసిన వల గుర్తుంది కానీ తేదీ గుర్తు లేదు. గుర్తుంచుకోనక్కర్లేకుండా ఉండడానికే కదా రాసుకునేది! కంప్యూటర్ ముందు కూర్చుని తల్లి పేరు, తండ్రి పేరు ఇచ్చాను. ముందురోజే 'కాకుండా' అనే షరతు నేర్చుకున్నాను. తర్వాత పుట్టిన ఆమె కొడుకులిద్దరి పేర్లూ ఇచ్చి, ఆ పేర్లు కాకుండా ఉన్న బిడ్డ కావాలన్నాను.

ఒక్క వరుసా రాలేదు. మళ్ళీ అడిగాను. సున్నా.

"లేదాండి?"

"కనబడ్డం లేదమ్మా."

"పోన్లెండి. తొమ్మిది రోజుల పిల్లని ఏం రాస్తార్లెండి," అని గంప నెత్తికెత్తుకుంది.

రాశాను. నేను రాయకుండా వదిలిన పురుడు లేదు. ఆ మాట గేటు దాకా వెళ్ళి చెప్పబోయాను గానీ, చూపించడానికి చేతిలో ఏముంది? పుస్తకాలు నేనే తగలబెట్టించాను.

ఆ రెండు రోజులూ ఒకచోట కూర్చోలేకపోయాను. కాఫీ చల్లారిపోయేది. మిల్లుకు పోయే ధాన్యం లారీల చప్పుడుకు లేచి కిటికీ మూసేదాన్ని, ఉక్కపోసి మళ్ళీ తెరిచేదాన్ని. బుధవారం పొద్దున ఇక లెక్కతోనే పట్టుకుందామనిపించింది. మొత్తం ఎందరని అడిగితే ఆరువందల పన్నెండు అంది. ఆ రెండు పేర్లలో ఏదో ఒకటి ఉన్నవాళ్ళు తొమ్మిది మంది. ఆ పేర్లు కానివాళ్ళు ఐదువందల ఎనభై. రెండూ కలిపితే ఐదువందల ఎనభై తొమ్మిది.

ఇరవై ముగ్గురు ఎటూ కాకుండా పోయారు.

గురువారం కోడలు జీడిపప్పు సంచితో గుమ్మం ఎక్కింది. చెప్పులు విప్పనివ్వకుండానే అడిగాను.

"నా ఇరవై ముగ్గురినీ ఎక్కడ పెట్టావే?"

తను నా కాగితం చూసింది, పట్టిక చూసింది.

"వీళ్ళకి పేరు గడి ఖాళీగా ఉందండి. ఖాళీ గడిని ఇది నల్ అంటుంది. పేరే తెలియనప్పుడు ఆ పేరు అవునో కాదో చెప్పలేదు కదండి. అందుకని అవునన్నవాళ్ళలోనూ చేర్చదు, కాదన్నవాళ్ళలోనూ చేర్చదు."

ఆ పల్లెలో ఇరవై ఒకటో రోజున ఉయ్యాల్లో వేసి పేరు పెడతారు. అందాకా నేను గడి ఖాళీగా ఉంచేదాన్ని. తోటి నర్సులు ఆ గడిలో 'పాప' అనో 'బాబు' అనో రాసేవారు. తెలియని పేరు రాయకూడదని వాళ్ళతో పోట్లాడేదాన్ని. వాళ్ళ పట్టికైతే మంగళవారమే జవాబు చెప్పేది.

"అయినా ఆ షరతెందుకు పెట్టారండి? తల్లీ తండ్రీ పేర్లు చాలు కదా."

"నేర్చుకున్నాను కదా అని పెట్టాను."

తను నవ్వలేదు. ఖాళీని అడగడానికి 'ఈజ్ నల్' అని వేరే మాట ఉందని చెప్పి కుర్చీ నా వైపు జరిపింది. నేనే కొట్టాను. ఇరవై మూడు వరుసలు వచ్చాయి. ఏడోది ఆమె బిడ్డ.

ఆమె మళ్ళీ వచ్చేదాకా ఆగలేక మర్నాడు మొదటి బస్సెక్కాను. గట్టు మీద చేపలు ఆరబోస్తోంది. తేదీ చదివి, శుక్రవారం అన్నాను.

"సుక్రవారమాండి! ఆయన ఆదివారమని నాతో తగువేసుకునేవోడు. నేనే గెలిచానండి," అని నవ్వి, ఎవరికో చెప్పబోతున్నట్టు ఇంటివైపు తిరిగి, ఆగిపోయింది.

"బరువు రెండు కిలోల నూరు గ్రాములు."

"అదీ రాశారాండి?" రెండు చేతులూ ముందుకు చాపి కాసేపు అలాగే ఉంచింది.

"ఏదైనా పేరు అనుకున్నారా? చెబితే రాస్తాను."

"పెట్టలేదు కదండి. పెట్టని పేరు ఎలా రాస్తారు?"

కలం సంచిలో పెట్టేశాను. తేదీ రాసిన కాగితం ఇస్తే మడిచి రొంటిన దోపుకుంది గానీ, చదువు రాదు కాబట్టి బస్సు వచ్చేలోపు మూడుసార్లు నా చేత చెప్పించుకుంది. నాలుగోసారి తనే చెప్పింది. కాగితంలో ఉన్నట్టే చెప్పింది, తప్పు లేదు.