కాల్వ గట్టున కూలిన యాదగిరి సార్

యాదగిరి సార్‌ను గడ్డపారతో కొట్టి చంపారు. ఆ వార్త ఫోన్‌లో విన్నప్పుడు నేను కొల్లాపూర్ దగ్గర పంపుల పనిలో ఉన్నాను. ‘సార్ ఇక లేడు మేడం’ అని జేసీబీ డ్రైవర్ మౌలాలి ఏడుస్తుంటే నా చెవులు నమ్మలేదు. వారం గడిచినా శోకం కన్నా ఆగ్రహమే నన్ను దహిస్తున్నది.

ఆయన సాగునీటి శాఖలో డిప్యూటీ ఇంజనీరు. నేను ఆయన చేతికింద పని నేర్చుకున్నదాన్ని. అచ్చంపేట వైపు గొర్లు మేపుకునే ఇంట పుట్టి, కృష్ణా జలాలను మెట్ట చేలకు మళ్లించడమే జీవన ధ్యేయంగా బతికారు. ఊళ్లన్నీ కాల్వ ఎప్పుడొస్తుందని అడిగితే, ఆయన మాత్రం మురుగు కాల్వకు జాగా ఏదని అడిగేవారు. ‘నీళ్లు తెచ్చినోనికి దండలేస్తరు బిడ్డా. నిలిచిన నీళ్లు తీసినోన్ని ఎవ్వడు యాది జేసుకోడు. కని చేను బతికేది వాని తోనే’ అనేవారు.

శాంతమూర్తి అని నేను అబద్ధం రాయను. రోడ్డు కింద కాంట్రాక్టర్ సన్నటి తూములు వేయించాడని తెలిసిన రోజున, కూలీ చేతిలోని సమ్మెట గుంజుకుని, అందరూ చూస్తుండగా వాటిని పగలగొట్టారు. ‘కోపం నాకు సద్దిమూట లెక్క, యాడికి వోయినా ఎంటనే ఉంటది’ అని తరువాత తానే నవ్వారు.

ఆత్మకూరు అవతల ఎగువ ఊరి వరి మడుల నీరు దిగి, దిగువ ఊరి పత్తి చేలు కుళ్లిపోయి చౌడుబారుతున్నాయి. ఆ నీరు వాగులో కలవాలంటే ఎగువ పొలాల అంచున మురుగు కాల్వ తవ్వాలి. మేము కొలతలకు వెళ్లిన నాడు, తన చేలో జాగా పోతుందని అక్కడి పెద్ద రైతు రామచంద్రయ్య పంపిన మనుషులు మేము పాతిన గూటాలను పీకి, వాటితోనే సార్‌ను బాదారు. కుడిచెయ్యి విరిగింది. కట్టు విప్పకముందే ఆయన ఎడమచేత్తో మళ్లీ గూటాలు పాతించారు.

అప్పటికే ఊళ్ల మధ్య పగ రగిలింది. ఒకనాటి పొద్దున రెండు ఊళ్ల వాళ్లూ గొడ్డళ్లు, కట్టెలు పట్టుకుని ఎదురుబొదురు నిలిచారు. రాళ్లు లేచాయి. నడుమకు దూకిన సార్ నొసలు చిట్లి నెత్తురు కారింది. ఆ నెత్తురు తుడుచుకోకుండానే రామచంద్రయ్య రెక్క పట్టుకుని దిగువ చేలోకి ఈడ్చుకుపోయారు. తెల్లటి చౌడు మట్టి అతని అరచేతిలో పోసి, ‘నాకి సూడు! రేపు నీ చేను గూడ గిట్లనే ఐతది’ అని గర్జించారు. రామచంద్రయ్య నాలుకకు తగిలించుకుని ఉమ్మేశాడు. చివరకు, ‘తవ్వుకో సారూ’ అన్నాడు.

కాల్వ తయారైంది. కానీ ఈ వానకాలంలో అదే ఎగువ ఊరి ఆంజనేయులు, తన ట్రాక్టర్ దాటడానికి దానికి అడ్డంగా మట్టికట్ట పోశాడు. కుండపోతకు నీరు వెనక్కి తన్ని దిగువ ఊరి ఇండ్లలోకి చొరబడింది. సార్ మౌలాలిని వెంటబెట్టుకుని వెళ్లారు.

‘కట్ట ముట్టుకుంటే సంపుత!’ అని ఆంజనేయులు గడ్డపార ఎత్తాడట.

‘సంపుదువు గని, ముందుగాల ఆ ఇండ్లల్ల పిల్లల్ని బయటపడనీ’ అని సార్ మౌలాలి వైపు తిరిగి సైగ చేశారట.

వెనకనుంచి దెబ్బ తలమీద పడింది. ఆయన బురదలో కూలారు. మౌలాలి ఏడుస్తూనే కట్ట తెంచాడు. నీరు హోరున వాగులోకి దూకింది, ఇండ్లు నిలిచాయి. దవాఖాన చేరకముందే సార్ ప్రాణం పోయింది. పారిపోతున్న ఆంజనేయులును పట్టి పోలీసులకు అప్పగించింది రామచంద్రయ్యే.

అంతిమయాత్రలో అతను సార్ పాడె కింద భుజం పెట్టబోయాడు. సార్ భార్య లక్ష్మమ్మ అడ్డం నిలిచింది. ‘నిన్ను ఆయన మన్నించిండు. నేను మన్నియ్యలే. పక్కకు జరుగు’ అన్నది. రామచంద్రయ్య జరిగి, జనం చివరన చెప్పులు లేకుండా నడిచాడు.

శాఖ ఆ కుర్చీలో మరొకరిని కూర్చోబెడుతుంది. మందికోసం ఇంత మొండిగా నిలబడే గుండెను ఎక్కడినుంచి తెస్తుంది? సార్, మీకు మొక్కడానికి చేతులు జోడించాను. అవి పిడికిళ్లవుతున్నాయి.