రంగూను కాగితానికి సారు వేసిన మార్కులు

లెక్కల సారు పోయారన్న కబురు నాకు శనివారం మధ్యాహ్నం తెలిసింది. పులివెందులలో నేను పనిచేసే బడికి జమ్మలమడుగు బస్సు కండక్టరు వచ్చి, వరండా మెట్ల దగ్గరే నిలబడ్డాడు. అతనూ సారు దగ్గర చదువుకున్నవాడే.

"అక్కా, సారు గురువారం పొద్దున పోయినాడు. నిన్ననే అంతా అయిపోయింది. నీకు చెప్పమన్నారు."

ఆ ముందువారం అతని చేతనే సారుకు కబురు పంపాను, ఈ ఆదివారం తప్పకుండా వస్తానని. ఆ ఆదివారం వచ్చేసరికి ఆ ఇంట్లో నాకోసం చూడడానికి సారు లేరు.

ఇది చదివేవారిలో సారు శిష్యులు చాలామంది ఉంటారు. మీకు ఆయన క్లాసు గుర్తుండవచ్చు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఒక కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్న ఆయన ముఖం.

మా నాయన రంగూనులో ఒక కలప డిపోలో గుమాస్తా. అక్కడ మనవాళ్ళు ఉండలేని రోజులు వచ్చాక, రెండు పెట్టెలతో ఓడెక్కి, వీరపునాయునిపల్లెలో మా మామ ఇంటికి చేరాం. అప్పుడు నాకు పదమూడేళ్ళు. తెలుగు మాట్లాడతాను గానీ రాయలేను. ఏడో తరగతి పాసైనట్టు రంగూను బడి ఇచ్చిన కాగితం ఒకటి ఉంది. అదంతా బర్మా అక్షరాలే. జమ్మలమడుగులో ఆడపిల్లలకు హాస్టలు ఉందని విని, మామ నన్ను అక్కడి హైస్కూలుకు తీసుకుపోయాడు.

"ఇది ఎవురు చదవాల?" అన్నారు హెడ్మాస్టరు. "తెలుగు రాయడం రాదంటాండారు. నాలుగో తరగతిలో కూర్చోబెట్టుకోమని చెప్పండి యాడన్నా."

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు పక్కనే ఉన్న లెక్కల సారు ఆ కాగితం అందుకున్నారు.

"చూస్తే మన అక్షరాల మాదిరే గుండ్రంగా ఉండాయి. చదవబోతే ఒక్కటీ రాలేదే," అని నవ్వి, "రెండు దినాలు టైమియ్యండి సార్," అన్నారు.

ప్రొద్దుటూరులో ఒక దర్జీ తాత ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు రంగూనులో బట్టలు కుట్టి, యుద్ధం నాడు తిరిగొచ్చిన సాయిబు. సారు ఆయన సంగతి ఎక్కడ విన్నారో గానీ, మరునాడే మామనూ నన్నూ బస్సులో తీసుకుపోయారు. తాత మిషను ఆపి, అద్దాలు తుడుచుకుని, కాగితం వెలుతురుకు పట్టుకున్నాడు.

"ఈడ మార్కులు లేవు సార్. అన్ని పాఠాలకూ క, క, క అని రాసినారు. క, ఖ, గ. మన మాదిరే వరస."

"క అంటే ఎన్ని మార్కులు తాతా?"

"క అంటే శానా బాగా చదివిందని. అంకె నాకు తెలీదు. నేను ఆడ చదివింది నాలుగే."

మన బడి ఫారంలో మాత్రం అంకె రాయాలి. హాస్టల్లో సీటు కావాలంటే అరవై ఉండాలి. హెడ్మాస్టరు మనసు కరిగి, "అరవై అని ఏసేయప్పా, ఎవురు అడగొచ్చినారు?" అన్నారు. సారు పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

"పై వరసలో ఉండే పిల్లకు యాభై అయిదుకు తక్కువ ఉండదు. అంతవరకు నేను ఒట్టేసి చెప్తా. దానికి పైన ఎంతుందో నాకు తెలీదు సార్. తెలీనిది రాస్తే, రేపు ఎవురన్నా అడిగిన దినం ఈ పిల్ల తలొంచుకోవాల్సి వస్తాది."

యాభై అయిదు వేశారు. ఎనిమిదో తరగతిలో చేర్చుకున్నారు. హాస్టలు సీటు రాలేదు.

మామ నన్ను వెనక్కి తీసుకుపోవడానికి మూట సర్దుతుంటే సారు భార్యతో కలిసి వచ్చారు. "సీటు పోయింది నా వల్ల. పిల్ల మా ఇంట్లో ఉంటాది," అన్నారు. అంతే. హైస్కూలు చదువు ముగిసేదాకా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆయన భార్యను అత్తా అనేదాన్ని. ఆయనను మాత్రం సారు అనే పిలిచాను.

రోజూ సాయంత్రం అరుగు మీద నాకు తెలుగు రాయడం నేర్పేవారు. నేను బర్మా క రాస్తే, ఆయన పక్కన తెలుగు క రాసేవారు. ఆరు నెలల్లో నాకు తెలుగు వచ్చింది, ఆయనకు బర్మా అక్షరాలు సగం వచ్చాయి. పరీక్ష పేపర్లు దిద్దితే మొదట పెన్సిలుతో మార్కులు వేసి పెట్టేవారు. పొద్దున లేచి ఇంకోసారి చూశాకే సిరా పెట్టేవారు. ఎవరైనా పిల్ల తెలియక నిలబడితే, "తెలీదని చెప్పు. అదీ జవాబే," అనేవారు.

నేను మాత్రం ఆ అయిదు మార్కులు మరిచిపోలేదు. తోటి పిల్లలు హాస్టల్లో నవ్వుతూ తుళ్ళుతూ ఉంటే, నేను పరాయి ఇంట్లో తింటున్నానని కుమిలిపోయేదాన్ని. పదో తరగతిలో ఉండగా ఒకరోజు, ఏదో చిన్నదానికి కోపం వచ్చి, నోరు జారాను.

"మీరు ఆ పొద్దు ఇంకో అయిదు మార్కులు ఏసింటే, నేను ఈ ఇంట్లో ఉండే పనే లేదు."

రొట్టె తడుతున్న అత్త చెయ్యి ఆగిపోయింది. సారు నా వైపు చూసి, "నిజమేమ్మా," అన్నారు. తిని చెయ్యి కడుక్కుని బడికి పోయారు. నేను క్షమించమని అడగలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ అడగలేదు.

చదువు అయింది, టీచరు ట్రైనింగు అయింది, పులివెందులలో ఉద్యోగం వచ్చింది. నెల కిందట సారు కార్డు రాశారు. "వీలు చూసుకుని ఒకసారి రా. నీతో ఒక మాట చెప్పాలి." పరీక్షలన్నాను. ఆ తరువాత ఇన్స్పెక్షను అన్నాను.

ఆదివారం పోయాను. అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తరువాత లేచి లోపలికి పోయి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. రంగూను తపాలా బిళ్ళ ఉంది దాని మీద.

"నువ్వు మా ఇంటికి వచ్చిన కాడి నుంచి ఏటా ఒక జాబు మీ రంగూను బడికి రాస్తానే ఉండె. ఒక్కదానికీ బదులు రాలే. పోయిన నెల ఎవురో ముసలి పంతులు రాసినాడు."

లోపల ఇంగ్లీషులో నాలుగు వరుసలు. ఆ బడిలో 'క' ఇవ్వాలంటే డెబ్బై అయిదు దాటాలి.

"ఇది పట్టుకుని ఈడి హైస్కూలుకు పోయినాడు. రిజిస్టరు ఎప్పుడో మూసేసినాము, ఇప్పుడు దిద్దేదానికి కాదన్నారంట. ఇంటికొచ్చి మంచం మీద కూలబడినాడు. 'పిల్లకు ఇరవై మార్కులు తక్కువేసినా, మే' అనె. జాబులో రాయండి అంటే వినలే. ఇది ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాట అనె."

"నన్ను తలుచుకున్నాడా అత్తా, చివర్లో?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బుధవారం రెండు తూర్లు అడిగినాడు, ఆదివారం ఎప్పుడని."

నేను ఆయనకు చెప్పాల్సింది ఒకటే ఉంది. ఆ పొద్దు మీరు అరవై వేసి ఉంటే నాకు హాస్టలు వచ్చేది, ఈ ఇల్లు వచ్చేది కాదు. నాకు ఈ ఇల్లే కావాలి సారూ. ఇంత చిన్న మాట. చెప్పడానికి నాకు ఎన్నో ఏళ్ళు ఉన్నాయి. ఆయన తన తప్పు చెప్పుకోవడానికి నాకోసం ఎదురుచూస్తూ పోయారు. అది తప్పు కాదని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

సాయంత్రం బస్సెక్కాను. పెన్నలో నీళ్ళు లేవు. ఇసుకలో చెలమ తవ్వుకుని, పక్కన బిందె పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. టెంకాయ చిప్పతో ఒక్కసారి తోడి పోసి, మళ్ళీ ఊరేదాకా ఆగుతోంది. బస్సు అవతలి గట్టు ఎక్కేదాకా తల తిప్పి చూశాను. ఆమె చిప్ప పట్టుకుని, గుంతలోకి వంగి అలాగే ఉంది.