కల్యాణ మండపానికి యూజర్ స్టోరీ

ఆ రోజుల్లో నంద్యాలలో కంప్యూటర్ నేర్చుకున్నవాడు హైదరాబాద్ బస్సయినా ఎక్కేవాడు, లేదా ఇంకొకరికి కంప్యూటరైనా నేర్పేవాడు. మేం ముగ్గురు స్నేహితులం ఆ రెండూ కాదని, మందుల షాపు పైన ఒక గది అద్దెకు తీసుకుని, దాన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకున్నాం. మాలో పెద్దవాడు కొన్నాళ్ళు హైదరాబాద్‌లో పనిచేసి, అక్కణ్ణుంచి అజైల్ అనే పద్ధతిని వెంటబెట్టుకొచ్చాడు. రోజూ పొద్దున నిలబడే మీటింగు పెట్టుకోవాలి, పనిని ముక్కలు చేసుకుని రెండు వారాలకోసారి కస్టమర్‌కి చూపించాలి, ఎవరి పాత్ర వాళ్ళు చేయాలి. (గదిలో కుర్చీలు రెండే కాబట్టి నిలబడటం మాకు కొత్తేం కాదు.) ఇదంతా దగ్గరుండి నడిపించే స్క్రమ్ మాస్టర్ తనేనన్నాడు గనక మేమాయన్ని స్క్రమ్మన్న అన్నాం. రెండోవాడు ప్రోగ్రామ్ రాస్తాడు. మిగిలిన నేను ప్రాడక్ట్ ఓనర్‌ని, అంటే కస్టమర్‌కి ఏం కావాలో కనుక్కొచ్చి, ఏది ముందు చేయాలో చెప్పేవాణ్ణి. ఓనర్ అన్న మాట విని మా నాయన చాలా సంతోషించాడు.

మా మొదటి కస్టమర్లు ఆళ్ళగడ్డలో కల్యాణ మండపం నడిపే అన్నదమ్ములు. బుకింగులు కంప్యూటర్‌లో పెట్టాలన్నారు. "యూజర్ స్టోరీ రాబట్టుకుని రాపో" అని స్క్రమ్మన్న నన్ను పంపాడు. ఎవరికి ఏం కావాలో, ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో చెబితే అది యూజర్ స్టోరీ. నేనది ఆ అన్నదమ్ముల్లో పెద్దాయనకు తెలుగు చేసి, "మీ కథ చెప్పండన్నా" అన్నాను.

"యాడ నుంచి చెప్పల్లప్పా?"

"మొదటి నుంచే."

ఆయన మొదటి నుంచే చెప్పాడు. వాళ్ళ నాయన శనగల వ్యాపారం, ఈ స్థలం కొన్న సంగతి, తన పెళ్ళికి కోయిలకుంట్ల నుంచి ఆడపెళ్ళివారు ముందురోజే దిగితే, అంతకుముందు పెళ్ళివాళ్ళు విడిది ఖాళీ చేయక అందరూ రోడ్డు మీద బండ్లలోనే కూర్చున్న సంగతి. మధ్యలో నాకు భోజనం కూడా పెట్టారు. అంతా విని నేను కార్డు మీద రాసుకున్నది మాత్రం ఇంతే: ముహూర్తం తేదీకి మండపం బుక్ చేయాలి.

రెండు వారాలకు ముగ్గురం వెళ్ళి చూపించాం. ఇంటిల్లిపాదీ కంప్యూటర్ చుట్టూ చేరారు. అప్పటికే పెద్దాయన కూతురికి పెళ్ళి కుదిరింది. మొదటి బుకింగ్ ఆ పాపదే కావాలన్నారు. ఆదివారం తెల్లవారుజాము ముహూర్తం. తేదీ కొట్టాం, బుక్ అయినట్టు ఆకుపచ్చ రంగు వచ్చింది, కంప్యూటర్‌కి హారతిచ్చారు. అంతలో తమ్ముడు, "శనివారం సాయంత్రానికి రిసెప్షన్ ఒగటి పెట్టు, చూద్దాం" అన్నాడు. దానికీ ఆకుపచ్చ రంగే వచ్చింది.

పెద్దాయన ముఖం మారిపోయింది. "ఏందప్పా ఇది? శనివారం సాయంత్రానికే నా బిడ్డను ఈడికి తీసుకొస్తాం గదా. రిసెప్షనోళ్ళు ఈడ తింటాంటే మేం యాడ కూచోవల్ల?"

"రోడ్డు మింద," అన్నాడు తమ్ముడు. "నీ పెండ్లప్పటి మాదిరే."

మొదటి ఆర్డరే పోయిందనుకున్నాను. ముందుగా నవ్వింది పెద్దాయన భార్య. "ఆ కథంతా ఆ పొద్దు నీకు చెప్పినాడు గదబ్బీ? నువ్వు యాడికి పోయింటివి?"

"ఈడనే ఉంటి వదినా, అన్నం తింటాంటి" అన్నాను. నిజమే చెప్పాను గానీ, అందరూ పడీపడీ నవ్వారు.

తిరుగు బస్సులో తిట్లు తప్పవనుకుంటే స్క్రమ్మన్న హుషారుగా ఉన్నాడు. "రెండు వారాలకే దొరికింది, చూసినావా? పెండ్లి నాడు దొరికింటే?" ముందురోజు మధ్యాహ్నం నుంచే మండపం నిండినట్టు చూపేలా మార్చి ఇచ్చాం. ఆ పాప పెళ్ళి చక్కగా జరిగింది.

మా కంపెనీ ఎక్కువ కాలం నడవలేదు. తలా ఒక ఉద్యోగంలో పడ్డాం. కొన్నేళ్ళకు నా పెళ్ళి కూడా ఆ మండపంలోనే పెట్టుకున్నాం. నాయన బుకింగ్‌కి వెళితే పెద్దాయన, "నీ కొడుకు పెండ్లికి కంప్యూటర్ ఎందుకప్పా, నేనుండా గదా" అని గోడ క్యాలెండర్ మీద పెన్నుతో సున్నా చుట్టాడట. తాళి కట్టాక ఆఫీసు గదిలోకి తొంగి చూశాను. కంప్యూటర్ మీద పూల గుడ్డ కప్పి, దాని మీద తాంబూలం సంచులు పేర్చారు.

"ఏం చూస్తాండావ్?" అంది కొత్త పెళ్ళికూతురు.

"అది నేను చేసిందే" అన్నాను, కాస్త గర్వంగా.

ఆమె పరీక్షగా చూసి, "గుడ్డనా?" అంది.

అవునన్నాను. కొత్త పెళ్ళికొడుకుని, అంతకు మించి వివరించే ధైర్యం అప్పట్లో ఎక్కడిది?