పసుపు బొట్ల కుర్చీ

మా అమ్మాయి నడవలేదు. రీల్స్ చేసే ఒకాయన పెట్టిన గివ్‌అవేలో దానికి చక్రాల కుర్చీ వచ్చింది. పోయిన వేసవిలో ఆయనే అనకాపల్లిలో మా ఇంటికి తెచ్చాడు. కొత్త బండికి చేసినట్టే కుర్చీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించాను. పిల్ల నవ్వుతూ వీధంతా తిరిగింది.

వీడియో అయ్యాక పిల్లని దించేసి, కుర్చీ మడిచాడు.

"ఏటి బాబూ, అట్టుకెళ్లిపోతన్నారు?" అన్నాను.

"ఇది షూటింగుకేనమ్మా. మీది తర్వాత వత్తాది."

రాలేదు. ఫోన్ చేస్తే నా నంబరు బ్లాక్ చేశాడు.

మొన్న కొండకర్లలో ఇంకో పిల్లాడికి కుర్చీ ఇస్తున్న వీడియో పెట్టాడు. మా అమ్మాయి చూసి, "అమ్మా, అది నా కుర్చీయే. నువ్వెట్టిన బొట్టు సూడు" అంది.

కింద కామెంట్లలో అందరూ ఆయన్ని దేవుడంటున్నారు. ఆ పిల్లాడు కూడా నవ్వుతున్నాడు. పిల్లల్ని దించేయడం మాత్రం ఏ వీడియోలోనూ ఉండదు.