మనోళ్లకు తక్కువట

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, పోయిన సోమవారం పొద్దున నెల్లికుదురులో కన్నుమూశాడు. ప్రోస్టేట్ క్యాన్సర్. ఆ పేరు మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పైకి అనరు, "మూత్రం బాధ" అంటారు. ఆ గుసగుసలు ఆయనకు గిట్టేవి కావు. అందుకే పేరు పెట్టి రాస్తున్నాను.

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. కల్లుమండువలో కూచున్నా పాఠమే. ఒంటి సంగతులకు ఎవరైనా సిగ్గుపడితే, "ముక్కు గురించి మాట్లాడుతవు, గది గూడ ఒంట్లదే గదరా" అని దబాయించేవాడు. అంతటి మనిషి తనకు మంట మొదలైతే మాత్రం వేడి చేసిందన్నాడు. బార్లీ నీళ్లు, పరగడుపున ఈతకల్లు. దవాఖానకు పోదామని పెద్దమ్మ పోరుపెడితే, ఎక్కడో చదివిన ముక్క అప్పజెప్పేవాడు. "గా ప్రోస్టేట్ క్యాన్సర్ అమెరికల నల్లోళ్లకు ఎక్కువట. మనోళ్లకు తక్కువ. నువ్వు పరేషాన్ గాకు." సైన్సు సారు మాట కదా, అందరం నమ్మాం.

హైదరాబాద్‌లో పరీక్షలు చేసేసరికి అది ఎముకలకు పాకింది. ఆయన మీద నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ప్రోస్టేట్ గ్రంథికి వచ్చే వాపైనా, క్యాన్సర్ ముప్పైనా అన్ని జాతుల వాళ్లలో ఒకే తీరుగా కనిపించవనీ, ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదనీ డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. తిరిగొస్తూ కారులో పెద్దబాపు, "మనకు తక్కువ వస్తదా, మనం తక్కువ చూపించుకుంటున్నమా?" అన్నాడు. తర్వాత మా బాపు వైపు తిరిగాడు.

"తమ్మీ, నీకు గూడ గదే బాధ ఉన్నది, నాకెరుకే. అన్నకొస్తే తమ్మునికి ముప్పు ఎక్కువట. పరీక్ష చేయించుకో."

"చూద్దాం తీయ్ అన్నా" అన్నాడు బాపు. చివరిదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు, బాపు అదే మాట అంటూనే ఉన్నాడు.

మూడోనాడు పిట్టకు పెట్టాం, అంటే పోయినాయన పేరున కాకులకు అన్నం. కాకి ముట్టకపోతే పోయినవాళ్ల కోరికేదో మిగిలిపోయిందని మా దగ్గర నమ్మకం. పెద్దబాపు దాన్ని నవ్వి కొట్టిపారేసేవాడు. ఆయనకిష్టమైన తలకాయ కూర, కల్లు విస్తట్లో పెట్టి దూరం జరిగాం. కాకులు గోడ దిగలేదు. పెద్దమ్మను మంచిగ చూసుకుంటమని ఒకరు, దినాలు మంచిగ చేస్తమని ఇంకొకరు మాటిచ్చారు. ఊహూఁ.

అప్పుడు బాపు ముందుకు నడిచాడు. ఊరి మగవాళ్లంతా అక్కడే ఉన్నారు.

"అన్నా, నాకు గూడ మూత్రం సక్కగ వస్తలేదు. రేపే దవాఖానకు పోత. నీ మీద ఒట్టు."

ఎవరూ నవ్వలేదు. కాకి ఎప్పుడు దిగిందో నేను చూడలేదు. బాపు అక్కడే నిలబడి, వెనక్కి చూడకుండా నా కోసం చెయ్యి చాపాడు.